తాళం వేసిన నాలుగో నిమిషానికే ఊళ: కుక్కకి ఒంటరిగా ఉండడం ఎలా అలవాటు చెయ్యాలి?

నాగావళి ఒడ్డు, రాయగడ

అందరికీ నమస్కారమండి. కుక్క పేరు కాలియా. దేశీ జాతి, మగది, రెండేళ్లు, 16 కిలోలు. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. ఫిబ్రవరిలో వాళ్లు పార్వతీపురం వెళ్లిన దగ్గర్నుంచి మొదలైంది. మా ఇద్దరివీ బడి ఉద్యోగాలే. ఇప్పుడు మార్నింగ్ స్కూలు కాబట్టి ఆరు నుంచి పదకొండు దాకా ఇంట్లో ఎవరూ ఉండరు.

పాత ఫోను అలమారులో పెట్టి రికార్డు చేశాం. తాళం వేసిన నాలుగో నిమిషంలో మొరుగుడు, తరవాత ఊళ. తలుపు అడుగు చెక్క గోళ్లతో గీకేశాడు. నేలంతా చొంగ. పెట్టిన పెరుగన్నం ముట్టడు, మేం రాగానే గబగబా తినేస్తాడు. రెండుసార్లు తలుపు దగ్గరే ఉచ్చ పోశాడు, మేం ఉన్నప్పుడు ఎప్పుడూ పొయ్యడు. గొలుసుతో కట్టాం, రేడియో పెట్టాం, పొద్దున్నే మూడు కిలోమీటర్లు నడిపించాం. ఏమీ మారలేదు. కింది వాటా వాళ్లు ఇక ఓర్చుకోలేమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గుణుపురం

ముందు గొలుసు తీసెయ్యండి, ఇవాళే. హడలిపోయిన కుక్క గొలుసు లాగి మెడ బిగించుకుంటుంది, కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటుంది. బోనులో పెట్టి మూసినా అంతే.

ఇది అల్లరి కాదు, తోచక చేసే పనీ కాదు. తోచని కుక్క గంటో రెండు గంటలో పడుకుని లేచి, చెప్పులో దిండో పట్టుకుంటుంది, మధ్యలో మళ్లీ పడుకుంటుంది, గిన్నెలో పెట్టింది తింటుంది. మీవాడు నిమిషాల్లోనే మొదలుపెడుతున్నాడు, మీరు వెళ్లిన తలుపునే గీకుతున్నాడు, తిండి ముట్టడం లేదు. భయం పట్టిన కుక్కకి ఆకలి చచ్చిపోతుంది. మీరు రాసినవాటిలో అన్నిటికన్నా గట్టి గుర్తు ఆ పెరుగన్నమే.

తిరిగొచ్చాక తిట్టకండి. ఎప్పుడో పోసిన ఉచ్చకీ ఇప్పటి తిట్టుకీ వాడు ముడిపెట్టుకోలేడు. మీరు రావడం కూడా భయమే అని మాత్రం నేర్చుకుంటాడు.

బరంపురం

ఇంకో కుక్కని తెస్తే తోడుంటుంది కదా?

గుణుపురం

చాలామటుకు పని చెయ్యదండి. వాడికి కావలసింది మనిషి. పక్కన కుక్క ఉన్నా ఊళ ఆగదు, ఒక్కోసారి రెండోది కూడా అందుకుంటుంది.

జయపురం

అసలు పని ఇది, ఓపిగ్గా చదవండి.

రికార్డు మళ్లీ చూడండి. మొరుగుడు మొదటి గుర్తు కాదు. దానికి ముందే తలుపు వైపు కదలకుండా నిలబడి చూడడం, మూతి నాక్కోవడం, అలసట లేకుండా ఆవలించడం, వగర్చడం ఉంటాయి. వాటిలో మొదటిది ఎన్నో సెకనులో వచ్చిందో రాసుకోండి. 40వ సెకను అనుకుందాం. మీ మొదలు 20 సెకన్లు, నాలుగు నిమిషాలు కాదు. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. ఏడవకపోతే బాగానే ఉన్నాడనుకుని సమయం పెంచేస్తారు.

రోజుకి ఒకే విడత, 15 నుంచి 20 నిమిషాలు. బయటికెళ్లి తలుపు వేసి, ఫోనులో చూస్తూ, గుర్తు రాకముందే లోపలికి రావాలి. ఒక విడతలో ఆరేడుసార్లు: 5 సెకన్లు, 12, 3, 18, 8, 20 ఇలాగ. ప్రతిసారీ పెంచుకుంటూ పోతే ఈసారి ఇంకా ఎక్కువని కుక్క పసిగడుతుంది, అందుకే ఎగుడుదిగుడుగా ఉండాలి. మధ్యలో ఒక నిమిషం మీ పని మీరు చూసుకోండి, వాడు ఒళ్లు వదిలేసి పడుకున్నాకే మళ్లీ వెళ్లండి. వారానికి ఒకటి రెండు రోజులు సెలవివ్వండి.

పొరపాటున గుర్తు దాటి ఏడుపు మొదలైతే వెంటనే లోపలికి రండి. ఏడిస్తే వస్తారని నేర్చుకుంటాడేమోనని ఆగొద్దు. భయాన్ని మీరు రావడం పెంచదు, రాకపోవడం పెంచుతుంది. మర్నాడు సగానికి తగ్గించి మొదలుపెట్టండి.

తాళాల గుత్తి, చెప్పులు, బ్యాగు విడిగా చూసుకోవాలి. రోజుకి పదిసార్లు గుత్తి తీసి, వంటింట్లోకి వెళ్లి, మళ్లీ పెట్టెయ్యండి. చెప్పులు వేసుకుని కూర్చుని టీ తాగండి. గుత్తి చప్పుడుకి తల కూడా ఎత్తకపోతే అది అయిపోయినట్టు.

మీది మేడ మీది వాటా కాబట్టి ఒక మాట. కుక్క తలుపు చప్పుడు ఒక్కటే వినదు. మెట్లు దిగిన అడుగులు, గేటు, స్కూటీ స్టార్టయిన చప్పుడు అన్నీ వింటుంది. తలుపు దగ్గర అయిదు నిమిషాలు బాగా ఉన్న కుక్క స్కూటీ చప్పుడుకి బెంబేలెత్తడం మామూలే. దాన్ని వేరే మెట్టుగా పెట్టుకోండి: స్టార్ట్ చేసి ఆపేసి పైకి రావడం, తరవాత వీధి చివరిదాకా వెళ్లి రావడం. ప్రతి కొత్త చప్పుడుకీ సమయం తగ్గించాలి. ఇద్దరూ కలిసి వెళ్లడం కూడా విడిగా నేర్పాల్సిందే.

మొదటి 40 నిమిషాలకి చేరడానికే వారాలు పడతాయి. అది దాటాక అయిదేసి, తరవాత పదిహేనేసి నిమిషాలు పెంచుకోవచ్చు. గంటన్నర నిలబడిన కుక్కల్లో చాలామటుకు నాలుగైదు గంటలూ ఉండగలవు.

విడతల్లో తిండి పెట్టకండి. తిండి ఉన్నంతసేపు మూతి అందులో ఉంటుంది, అయిపోగానే భయం బయటపడుతుంది. మీరు కొలిచేది ఓర్పు కాదు, గిన్నె ఖాళీ అయ్యే సమయం అవుతుంది.

నాగావళి ఒడ్డు, రాయగడ

చాలా స్పష్టంగా చెప్పారండి. కానీ సెలవులకి ఇంకా మూడు వారాలుంది. రోజూ అయిదు గంటలు తప్పదు. పొద్దున్న 20 సెకన్లు నేర్పి, ఆ వెంటనే అయిదు గంటలు వదిలేస్తే లాభమేంటి?

జయపురం

లాభం లేదు, నిజమే. రోజూ ఒకసారి హడలిపోతుంటే సాధన నిలవదు. ఈ మూడు వారాలు మనిషి తోడు వెతకండి. పక్కింటి మౌసి ఇంట్లో వదలడమైనా సరే. కుక్కతో ఆడక్కర్లేదు, అదే గదిలో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నా చాలు. దూరం తక్కువైతే ఇంటర్వెల్‌లో వచ్చి వెళ్లడం మాత్రం చెయ్యొద్దు, రెండుసార్లు విడిపోయినట్టవుతుంది. ఈలోగా తాళాల గుత్తి పని చేసుకోండి.

అసలు సాధన సెలవుల్లో. అయితే సెలవుల్లో ఒక ఉచ్చు ఉంది. ఇద్దరూ రోజంతా ఇంట్లోనే ఉంటే అదే అలవాటై, బడి తెరిచిన రోజు ఫిబ్రవరి మళ్లీ వస్తుంది. సెలవుల్లో కూడా వాడు తట్టుకునేంతసేపు వారానికి అయిదు రోజులు వదిలి వెళ్లాలి, బడికి వెళ్లే వేళలోనే, అదే బట్టల్లో.

పర్లాకిమిడి, పశువైద్యం

ఈ స్థాయి భయానికి మందు ఆఖరి దారి అనుకోకండి. సాధనతో పాటే వాడితే సాధన త్వరగా పడుతుంది. అమెరికాలో కుక్కల్లో ఈ జబ్బుకి క్లోమిప్రమిన్‌కి 1998లో, ఫ్లూయోక్సెటిన్‌కి 2007లో అనుమతి వచ్చింది. ఫ్లూయోక్సెటిన్ మామూలు మోతాదు కిలోకి 1 నుంచి 2 మిల్లీగ్రాములు, రోజుకి ఒకసారి. డాక్టరు చూడకుండా మొదలుపెట్టొద్దు. ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే తప్పక చెప్పండి. పూర్తి ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, కాబట్టి సెలవుల్లో పనికి రావాలంటే ఇప్పుడే చూపించాలి. మొదటి రోజుల్లో ఆకలి తగ్గొచ్చు, మగతగా ఉండొచ్చు. ఉన్నట్టుండి ఆపకూడదు.

మన వైపు చాలామంది మరిచిపోయేది పిడుదుల మందు. అమిట్రాజ్ కలిపిన నీళ్లతో కడిగినా, ఆ మందున్న పట్టీ మెడకి కట్టినా ఈ రెండు మాత్రలూ పడవు. పిడుదులకి ఏం వాడుతున్నారో డాక్టరుకి ముందే చెప్పండి. ఇంట్లో ఉన్న మనుషుల నిద్రమాత్ర సగం విరిచి వెయ్యడం అసలొద్దు. దగ్గర్లో ఈ విషయం చూసేవాళ్లు దొరక్కపోతే గరివిడి పశువైద్య కళాశాలకి వెళ్లొచ్చు.

గుణుపురం

ఎండ సంగతి ఎవరూ అనలేదు. పదిగంటలకే రేకుల ఇల్లయినా, పై అంతస్తయినా పొయ్యిలా ఉంటుంది. కరెంటు పోతే ఫ్యాను ఆగిపోతుంది. భయంతో వగర్చే కుక్క ఒంటి వేడి ఇంకా త్వరగా పెరుగుతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే ఒళ్లంతా నీళ్లతో తడిపి, ఫ్యాను గాలి తగిలిస్తూ ఆసుపత్రికి పట్టుకెళ్లాలి. నీళ్లు రెండు బరువైన గిన్నెల్లో, వేరువేరు మూలల్లో పెట్టండి. ఒకటి తన్నేసినా ఇంకోటి ఉంటుంది. పడుకోవడానికి గచ్చు నేల ఖాళీగా ఉంచండి, పరుపు తప్పనిసరి చెయ్యొద్దు.

కాలవైశాఖి (వేసవి గాలివాన) ఉరుముల రోజున సాధన పెట్టకండి. ఒంటరిగా ఉన్నప్పుడు పిడుగు పడితే ఆ రెండు భయాలూ ఒకటిగా అతుక్కుంటాయి, విడదీయడం కష్టం. మబ్బు పట్టిందంటే ఆ రోజుకి మానెయ్యండి.

తలుపు దగ్గరి ఉచ్చని ఫినైలుతో కడగొద్దు. ఆ ఘాటు మనకి వాసన కప్పేస్తుంది, కుక్క ముక్కుకి కింది వాసన అలాగే ఉంటుంది, పైగా పాదాలు నాక్కుంటే ఒంటికి చెడు. ఎంజైములున్న బట్టల పౌడరు నీళ్లలో కలిపి పది నిమిషాలు నాననిచ్చి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి ఆరబెట్టండి.