హైదరాబాద్ మేడ మీద కాస్మిక్ కిరణాల తగ్గుదల కనబడుతుందా?

మేడమీద_గైగర్: 2024 మే 10, 11 తేదీల సౌర తుఫానులో నా గైగర్ కౌంటర్ (రేడియేషన్‌ను లెక్కపెట్టే మీటరు) నిమిషానికి 21 కౌంట్ల నుంచి 20కి పడింది. కాస్మిక్ కిరణాలను కొలిచే ఫిన్లాండ్‌లోని ఔలు న్యూట్రాన్ మానిటర్ కూడా అప్పుడే బాగా పడింది. సూర్యుడి నుంచి దూసుకొచ్చిన అయస్కాంత మేఘం కాస్మిక్ కిరణాలను, అంటే అంతరిక్షం నుంచి వచ్చే వేగమైన కణాలను, కొన్నాళ్లు అడ్డుకుంటుంది. ఫోర్‌బుష్ తగ్గుదల అంటారు. దాన్ని నేను పట్టాను. కాదంటే కారణం చెప్పండి.

నల్లరాయి: ఔలులో 1 జీవీ (గిగావోల్ట్, అయస్కాంత క్షేత్రాన్ని దాటుకు రాగల కణం సత్తాకు కొలత) లోపు కణాలకూ దారి ఉంది. మన దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 17 జీవీ దాకా ఆపేస్తుంది. సూర్యుడు ఎక్కువగా కదిలించేది తక్కువ శక్తి కణాలనే, అవి మన దాకా రావు. భూమధ్యరేఖ దగ్గర కిరణాలు తగ్గుతాయని డచ్ భౌతిక శాస్త్రవేత్త జాకబ్ క్లే 1920లలోనే జావా ఓడ ప్రయాణాల్లో చూశారు. పైగా మీ మీటరులోని ట్యూబు లెక్కపెట్టేది ఎక్కువగా గ్రానైట్ రాతి నుంచి వచ్చే గామా కిరణాలనే. కాస్మిక్ వాటా మూడో వంతు అనుకున్నా, మొత్తం 5 శాతం తగ్గాలంటే ఆ వాటా 15 శాతం తగ్గాలి. 17 జీవీ దగ్గర అది జరగదు.

మేడమీద_గైగర్: నోబెల్ గ్రహీత మిలికన్ అంతటివారు అక్షాంశంతో కాస్మిక్ కిరణాల్లో తేడా లేదన్నారు. 1932లో మరో భౌతిక శాస్త్రవేత్త కాంప్టన్ బృందాలు దేశదేశాలా కొలిచి ఉందని చూపించాయి. పెద్దవాళ్లు లేదంటే లేకుండా పోదు.

చుక్కలరేడు: అన్నా, గాలి ప్రెషర్ రాసుకున్నావా? అది మారినా కౌంట్ మారుతుంది.

నల్లరాయి: దేనితో పోల్చారు?

మేడమీద_గైగర్: 7, 8, 9 తేదీలతో.

నల్లరాయి: 7న నగరంలో కుండపోత వాన. నేల నుంచి వచ్చే రేడియోధార్మిక వాయువు రాడాన్ నుంచి పుట్టిన పదార్థాలను వాన కిందికి దించుతుంది, కౌంట్ పెరుగుతుంది. మీ పోలికే తప్పు.

మేడమీద_గైగర్: వాన తీసేస్తారు, ప్రెషర్ తీసేస్తారు, చివరికి మీకు నచ్చిన అంకె మిగులుతుంది! డిగ్రీలో మా గైడ్ కూడా ఇంతే. ఆరు నెలల రీడింగులు తీసుకెళ్తే, కొన్న మీటరుతో ఫిజిక్సా అని ఫైలు తెరవకుండానే పక్కన పెట్టారు.

నల్లరాయి: తెరవకపోవడం అన్యాయం. నేను తెరిచి చూసి చెబుతున్నాను, నన్ను ఆయనతో కలపకండి.

మ్యూయాన్_అక్క: ఇద్దరూ ఒక్క నిమిషం. ఊటీలోని కాస్మిక్ కిరణాల ప్రయోగశాల గ్రేప్స్-3 దగ్గర 560 చదరపు మీటర్ల మ్యూయాన్ టెలిస్కోప్ ఉంది. మ్యూయాన్లంటే కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే కణాలు. ఇంచుమించు అదే 17 జీవీ చోట, ప్రెషర్ సవరణ చేసి మరీ, ఫోర్‌బుష్ తగ్గుదలలు చూస్తున్నారు. దక్షిణాదిలో కనబడనే కనబడదనడం సరికాదు.

నల్లరాయి: ఒప్పుకుంటాను. మొదట అలా రాసి ఉండకూడదు. ఈ ట్యూబుకు కనబడదు, అదే నా మాట.

మేడమీద_గైగర్: సవరణ నాకు ఇష్టం లేక కాదు. ఏది తీసేయాలో గ్రాఫ్ చూశాక నిర్ణయిస్తే నమ్మకం ఎలా కలుగుతుంది? ముందే రాసుకోవాలి కదా. సరే, 7 తీసేశాను. సగటు 20.2. తేడా 1 శాతం. సున్నా మాత్రం కాదు.

నల్లరాయి: ముందే రాసుకోవాలన్నది నూటికి నూరు శాతం నిజం. కానీ రోజుకు 29 వేల కౌంట్లలో సహజ ఊగిసలాటే 170, అంటే 0.6 శాతం. ఇది చాలదండీ. రెండు ట్యూబులు ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండింటిలో ఒకేసారి పడినవే లెక్కించండి. రాతి గామా ఎక్కువగా ఒక్క ట్యూబులోనే పడుతుంది కాబట్టి అది దాదాపు పోతుంది. కౌంట్లు బాగా తగ్గుతాయి కాబట్టి పెద్ద ట్యూబులు చూడండి.

మేడమీద_గైగర్: పెద్దవే కొంటాను. బారోమీటర్ కూడా. మే నెల లాగ్ మాత్రం 7వ తేదీతో సహా ఉన్నది ఉన్నట్టు ఇక్కడే పెడుతున్నాను, ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.