నవంబరు 1లోగా ఎర్లీ డెసిషన్: ఎయిడ్ అడగాలా, మానాలా?

రాయగడ_అమ్మ:
మా అమ్మాయి పన్నెండు చదువుతోంది. అమెరికాలో డిగ్రీకి ఎర్లీ డెసిషన్‌లో అప్లై చేస్తానంటోంది, అంటే ముందే ఒక్క కాలేజీకి పెట్టి, సీటొస్తే అక్కడే చేరతామని ఒప్పందం రాసివ్వాలి. గడువు నవంబరు 1. మావారిది చిన్న ఫ్యాన్సీ షాపు. ఎయిడ్, అంటే ఖర్చులకు కాలేజీ ఇచ్చే సాయం, అడిగితే సీటు రాదంటున్నారు. ముందు సీటు తెచ్చుకుని తర్వాత అడగొచ్చా? సీటొచ్చి ఎయిడ్ చాలకపోతే ఇరుక్కుపోతామా? ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఒడియాలో ఉంది, పనికొస్తుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

గుణుపురం_తండ్రి:
తర్వాత అడుగుదాం అనే ఆలోచన ఇప్పుడే మానుకోండమ్మా. మేం అదే చేశాం. మొదటి ఏడాది ఎలాగో కట్టాం. రెండో ఏడాది మావాడు వెళ్లి అడిగితే, విదేశీ విద్యార్థులు అప్లికేషన్‌తో పాటే అడగకపోతే నాలుగేళ్లూ అడగడానికి లేదన్నారు. చాలా కాలేజీల్లో ఇదే రూలు. వాళ్ల సైట్లోనే ఉంది, మేమే చదవలేదు. స్టేషన్ దగ్గర ఇంటిస్థలం అమ్మేశాను. ఇప్పటికీ ఆ దారిన వెళ్లలేను.

జయపురం_సీనియర్:
నా ఇద్దరు పిల్లల్నీ పంపాను, చుట్టాల పిల్లల ఫారాలూ నేనే నింపాను. ఈ చుట్టుపక్కల నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడన్ లాంటివి డబ్బు అడిగారా లేదా అని చూడకుండానే విదేశీ పిల్లలకు సీటిస్తాయి. చివరి రెండూ 2022లో ఈ పద్ధతికి వచ్చాయి. మిగతావి ఎక్కువగా నీడ్ అవేర్, అంటే డబ్బు అడిగారా అని కూడా చూసి సీటిచ్చేవి. అక్కడ అడిగితే సీటు కష్టమయ్యే మాట నిజమే. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లలో అసలు ఎర్లీ డెసిషనే లేదు, ముందుగా సీటొచ్చినా చేరి తీరాలని ఉండదు. ఎయిడ్ కోసం ఇంటి ఆదాయం, ఆస్తి రాసే ఫారం సీఎస్ఎస్ ప్రొఫైల్. దానికి మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 16. ఇంకో మాట, తాతల పేరున ఉన్న జీడితోటలవీ రాయకండి. ఐటీ రిటర్నులో ఉండవు కదా, వాళ్లకెలా తెలుస్తుంది?

పర్లాకిమిడి_గుమస్తా:
పద్ధెనిమిదేళ్ల పిల్లచేత అబద్ధం రాయిస్తారా? బయటపడితే పోయేది ఆ పిల్ల సీటు, మీది కాదు.

జయపురం_సీనియర్:
అబద్ధమేముంది? పట్టా తాత పేరున ఉంటే ఆస్తి తాతదే. ఫారంలో అడిగేది తల్లిదండ్రుల ఆస్తి.

పర్లాకిమిడి_గుమస్తా:
ఆస్తి తాతదే, కాదనను. గింజలమ్మిన డబ్బు ఏ ఇంట్లో ఖర్చవుతోందండీ? పన్ను కట్టక్కర్లేని ఆదాయం గురించి ఫారంలో విడిగా అడుగుతారు. వ్యవసాయం మీద పన్ను లేదు, అంతమాత్రాన అది ఆదాయం కాకపోదు. మా వాటాకి వచ్చిన డబ్బు, గింజలు కొన్న షావుకారు రాసిచ్చిన చీటీతో సహా పెట్టాం. తోట ఉమ్మడిదనీ, తమ్ముళ్ల వాటాలు ఇంతనీ ఒక కాగితం మీద రాసిచ్చాం. మా అబ్బాయికి ఎయిడ్ వచ్చింది.

జయపురం_సీనియర్:
ఒక్క పిల్లాణ్ని పంపి నాకు పాఠాలు చెప్పకండి.

కాశీనగర్_రైతు:
మీకు గింజలైనా మిగిలాయి. మావైపు మంచుకి పూతంతా మాడిపోయింది. పోయినేడాది ఆదాయం చూసి మా దగ్గర డబ్బుందనుకుంటే ఏం చేయాలి?

పర్లాకిమిడి_గుమస్తా:
ఎయిడ్ ఆఫీసుకి ఉత్తరం రాయండి. పోయినేడు ఎంత, ఈ ఏడు ఎంత, ఎందుకు తగ్గింది, అంతే. చదువుతారు.

బరంపురం_చెల్లి:
అమ్మా, మీరడిగిన రెండోది నేను చెప్తాను. ఎర్లీ డెసిషన్‌లో వచ్చిన సీటు వదులుకున్నదాన్ని. ఎయిడ్ అడిగినవాళ్లకు ఇచ్చింది చాలకపోతే వదులుకోవచ్చని ఒప్పందంలోనే ఉంది. డిసెంబరు మధ్యలో ఉత్తరం వచ్చింది. నాన్న క్యాలెండర్ కాగితం వెనక లెక్క వేశారు, కొట్టేశారు, మళ్లీ వేశారు. ఎన్నిసార్లు వేసినా ఏడాదికి ఆరు లక్షలు తక్కువ. ఇంకొంచెం ఇవ్వమని మెయిల్ పెడితే కొద్దిగా పెంచారు, చాలలేదు. వదిలేయమని రాస్తే ఒప్పుకున్నారు. అప్పటికి మిగతా కాలేజీల గడువులకు పది రోజులు కూడా లేవు. మీ అమ్మాయిని మిగతా వ్యాసాలు ఇప్పుడే రాసిపెట్టుకోమనండి. ఆ కాలేజీ పేరు కనబడితే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

కాశీనగర్_రైతు:
ఒడియా కాగితాలతో పెద్ద చిక్కు. పట్టాలో మా ఇంటిపేరు చివర ఉంది, ఆధార్‌లో మొదట ఉంది, పాస్‌పోర్టులో అసలు లేదు. ముగ్గురూ ఒకరేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించాను.

గుణుపురం_తండ్రి:
1936లో మన ఊళ్లను ఒడిశాలో కలిపినప్పటి నుంచీ మన పేర్లకు ఇదే గతి. మా పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలుగు పంతుళ్లు ఏరీ?

పర్లాకిమిడి_గుమస్తా:
ఆ బాధ నాకూ ఉంది. కానీ ఆవిడకు గడువు దగ్గర పడుతోంది. అమ్మా, సర్టిఫికెట్‌కి ఇంగ్లీషు తర్జుమా చేయించి, నోటరీ ముద్ర వేయించి, రెండూ కలిపి పంపండి. వీసాకి మన ఒడిశా వాళ్లకు కూడా హైదరాబాద్ కాన్సులేటే.

రాయగడ_అమ్మ:
అందరికీ దణ్ణం. ఎయిడ్ ఇప్పుడే అడుగుతున్నాం. మా అత్తగారి అరెకరం మీద వచ్చేది కూడా రాస్తున్నాం. ఒప్పందం మీద అమ్మాయి, మేము, స్కూల్ కౌన్సెలర్ సంతకాలు పెట్టాలట. వాళ్ల స్కూల్లో కౌన్సెలరే లేరు. ప్రిన్సిపాల్ పెట్టొచ్చా?

బరంపురం_చెల్లి:
మాకు ప్రిన్సిపాల్ గారే పెట్టారు. ఆయన ఈమెయిల్‌కి లింకు వస్తుంది, స్పామ్‌లో కూడా చూడమనండి. నాది మూడు రోజులు అక్కడే పడి ఉంది.