అప్‌డేట్: ఐదు నెలలుగా కదలని కథ పూర్తయింది

సంక్రాంతి తర్వాత ఒక్క కథ కూడా రాయలేకపోతున్నానని, రోజూ మొదటి పేరా రాసి కొట్టేస్తున్నానని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. నిన్న రాత్రి కథ అయిపోయింది, చేతిరాతలో 14 పేజీలు.

పనిచేసింది ఒకే సలహా: మొదలు వదిలేసి, బాగా కనబడుతున్న చోటు నుంచి రాయమని, వెనక్కి తిరిగి చదవొద్దని. నాకు కనబడుతున్నది పంటు, అదే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ. సరే అని ఓ ఆదివారం నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటెక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటాను. మళ్లీ వెనక్కి. అలా మూడుసార్లు. టికెట్లు కోసే అబ్బాయి అనుమానంగా చూశాడు లెండి. బైకు ట్యాంకు మీద అరటి గెల పెట్టుకున్న ఒకాయన, పంటు రేవుకి తగలకముందే కిక్కు కొట్టి కూర్చున్నాడు. ఇన్నాళ్లూ కథలో నాకు దొరకని మనిషి ఆయనే! టికెట్ వెనకాలే నాలుగు లైన్లు రాసుకున్నాను.

ఆ తర్వాత రోజుకో పేజీ. రాసిన కాగితం వెంటనే మా ఆవిడ చేతికి, నేనడిగినా ఇవ్వొద్దని చెప్పి.

మిగతా సలహాల్లో, తెల్లారుజామున నాలుగింటికి లేవడం నాకు కలిసిరాలేదు, మధ్యాహ్నం నిద్ర ముంచుకొచ్చేది. డాక్టరు రాసిన రక్త పరీక్షలన్నీ నార్మల్. కళ్లజోడు పవర్ మారిందన్నారు. మార్చాక తలనొప్పి పోయింది గానీ కథ కదల్లేదు.

మొదటి పేరా అన్నిటికన్నా చివర రాశాను. ఇరవై నిమిషాలు పట్టింది.