11 నెలల అగ్రిమెంట్ ఎప్పుడో అయిపోయింది, కిరాయిదారు ఖాళీ చేయట్లేదు. కరెంట్ తీసేయొచ్చా?

పై పోర్షన్ ఓనర్:
మల్కాజిగిరిలో మా అమ్మ పేరు మీద ఇల్లుంది. పై పోర్షన్ మూడేళ్ల కింద కిరాయికిచ్చాం, 11 నెలల అగ్రిమెంట్ ఒక్కసారే రాసుకున్నాం, తర్వాత ఆయన నెలనెలా ఫోన్‌పే చేస్తుంటే మేమూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఐదు నెలలుగా పైసా లేదు. కిరాయి 14 వేలు, అడ్వాన్స్ రెండు నెలలది మా దగ్గరే ఉంది. ఖాళీ చేయమంటే కోర్టుకు పొండి అంటాడు. కరెంట్ తీసేసి మోటార్ బంద్ చేస్తే వారంలో వాడే పోతాడని మా బావ అంటున్నాడు. ఇంకొకాయనేమో 12 ఏళ్లుంటే ఇల్లు వాడిదే అయిపోతుందని అమ్మను భయపెట్టాడు. ఏం చేయాలి?

సివిల్ వకీల్:
ఆ 12 ఏళ్ల టెన్షన్ ముందు వదిలేయమనండి. ఇది నాదే అని ఓనర్‌కు ఎదురు తిరిగి బాహాటంగా అనుభవించేవాడి విషయం అది. మీరు తాళమిస్తే దిగినవాడు ఎన్నేళ్లున్నా కిరాయిదారే.

కరెంట్ జోలికి మాత్రం పోవద్దు. మీరు తీసేసిన మర్నాడే ఆయన కోర్టుకెళ్లి ఇంజంక్షన్ (అలా చేయొద్దని కోర్టు ఆర్డర్) తెచ్చుకుంటాడు, అప్పటిదాకా తప్పు ఆయనది, ఆ తర్వాత మీది. సామాన్లు బయటపెట్టి తాళం వేస్తే ఇంకా ఘోరం, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు కేసు వేస్తే ఇల్లు ఎవరిదన్న మాటే ఎత్తకుండా మళ్లీ లోపలికి పంపిస్తారు. పోలీసులూ సివిల్ మ్యాటర్ అని పంపించేస్తారు.

కిరాయి నెలకు 3,500 దాటింది కాబట్టి మీకు రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు, ఆస్తి బదిలీ చట్టమే. అగ్రిమెంట్ గడువు అయ్యాక కూడా కిరాయి తీసుకుంటూ వచ్చారు కాబట్టి అది నెలవారీ కిరాయిగా మారిపోయింది, ఆయన అక్రమంగా ఉన్నట్టు కాదు. అందుకని సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి. రాతపూర్వకంగా, అమ్మ సంతకంతో గానీ వకీలు ద్వారా గానీ, రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. గడువు దాటినా పోకపోతే ఖాళీ చేయించమని, బకాయి, ఖాళీ చేసేదాకా వాడుకున్నందుకు నష్టపరిహారం అన్నీ కలిపి ఒకే దావా వేయొచ్చు. ఒక మాట: నోటీసు ఇచ్చాక ఆయన హఠాత్తుగా ఒక నెల కిరాయి పంపితే, నోటీసు వదులుకోకుండా పాత బకాయి కింద జమ చేసుకుంటున్నామని వెంటనే రాసి పంపండి, లేకపోతే నోటీసు మీరే మానుకున్నారని వాదిస్తాడు.

కిరాయిదారు పక్షం:
నేను కిరాయి ఇంట్లోనే ఉంటా కాబట్టి అటు వైపు కూడా చెప్తా. ఐదు నెలలు ఎగ్గొట్టడం తప్పే, కాదనను. కానీ చాలామంది ఓనర్లు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్ మొత్తం కోసేస్తారు, వాడకంలో సహజంగా వచ్చే అరుగుదల కిరాయిదారు మీద వేయకూడదని అదే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108లో ఉంది. గోడకు మేకు కొట్టి పెద్ద బొక్క చేస్తే వేరే సంగతి. మీ దగ్గరున్న 28 వేలు బకాయిలో సర్దుకుంటారా లేదా అన్నది నోటీసులోనే రాసేయండి, చివర్లో గొడవపడే కంటే నయం.

లోక్ అదాలత్ సలహా:
వకీల్ గారు చెప్పింది కరెక్టే కానీ దావా అంటే ఏళ్లు. నోటీసు ఇచ్చి, ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ (దావా వేయకముందే రాజీ ప్రయత్నం) కింద పెట్టి చూడండి. ఇల్లు అమ్మ పేరు మీద ఉందిగా, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టమే అది. ఇద్దరూ ఒక తేదీకి ఒప్పుకుంటే లోక్ అదాలత్ (అక్కడ రాజీ కుదిర్చే వేదిక) ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఆయన రాకపోతే మాత్రం అక్కడ బలవంతం చేయలేరు.

పై పోర్షన్ ఓనర్:
థాంక్స్ అందరికీ. బావకు ఈ పేజీ పంపిస్తున్నా. నోటీసులో బకాయి ఐదు నెలలు మొత్తం రాయాలా, అడ్వాన్స్ తీసేసి మూడు నెలలదే రాయాలా?

సివిల్ వకీల్:
మొత్తం 70 వేలు రాసి, అడ్వాన్స్ 28 వేలు ఖాళీ చేసిన రోజు సర్దుతామని కింద రాయండి. కరెంట్ బిల్లు ఆయన కట్టాల్సింది ఉంటే అదీ విడిగా చూపించండి. ఫోన్‌పే హిస్టరీ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, మూడేళ్లు దాటిన కిరాయి బకాయిని కోర్టు ఇప్పించదు, మీది ఇంకా గడువులోనే ఉంది.