రోజూ తిరిగే కారుకి వ్యాక్స్ అవసరమా? నీళ్లతో కడిగితే చాలదా?

కొత్తచక్రం
కారు కొని ఏడాది కావస్తోంది. ముదురు నీలం రంగు. రోజూ ఆఫీసుకి తీసుకెళ్తాను, అక్కడ నీడ ఉండదు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలోనే. ఇంతవరకు కుదిరినప్పుడు కడగడం తప్ప ఇంకేమీ చేయలేదు. ఈమధ్య ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూస్తే బానెట్ నిండా సాలెగూడులా సన్నటి గీతలు కనబడుతున్నాయి. వారానికి ఒక గంటకి మించి నాకు కుదరదు. ఆ గంటలో అయ్యే తేలికైన పద్ధతి ఏదైనా చెప్పండి. వ్యాక్స్ వేస్తే నిజంగా లాభం ఉందా, లేక అది కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లకేనా?

రోజూతిరిగేబండి
వ్యాక్స్ జోలికి పోకండి. పొద్దున బండి తీసేముందు పొడిగుడ్డతో ఒకసారి దుమ్ము దులపండి, సెలవురోజు ఒక బకెట్ నీళ్లలో కాస్త షాంపూ వేసి కడిగేయండి. అంతే. నేనొకసారి నమ్మి ఒక డిటైలింగ్ సెంటర్‌కి ఇచ్చాను. మెరిపిస్తామన్నారు. మెషిన్ పెట్టి రుద్ది రుద్ది బానెట్ అంచు దగ్గర పైపూత లేచిపోయేలా చేసి పంపించారు. అక్కడ రంగు వెలిసినట్టుగా మచ్చ ఇప్పటికీ ఉంది. అడిగితే అది ముందునుంచే ఉందన్నారు. ఆ రోజు నుంచి ఈ మెరుపుల వ్యవహారం అంటేనే నాకు మంట.

నల్లసెడాన్
కొత్తచక్రం గారూ, పొడిగుడ్డ సలహా మాత్రం వినకండి. మీరు చెప్పినలాంటి గీతలు ఎక్కువగా పడేది దానివల్లే. దుమ్ము అంటే మెత్తటి పొడి ఒక్కటే కాదు, అందులో సన్నటి ఇసుక రేణువులు ఉంటాయి. పొడిగా ఉన్న కారు మీద గుడ్డ పెట్టి లాగితే ఆ రేణువుల్ని పెయింట్ మీద ఈడ్చినట్టే. రాత్రి మంచు పడి ఆరితే ఇంకా అన్యాయం, దుమ్ము అతుక్కుపోయి ఉంటుంది.

గంటలో అయ్యే పద్ధతి చెప్తాను. కారు నీడలో ఉండాలి, బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి. వేడి రేకు మీద షాంపూ ఆరిపోయి మరకలవుతుంది. ముందు చక్రాలు కడగండి, వాటికి వేరే గుడ్డ, వేరే బ్రష్, ఎందుకంటే బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి అక్కడే ఉంటుంది. తర్వాత మొత్తం కారుని పైపుతో బాగా తడపండి, దుమ్ములో సగం మీరు ముట్టుకోకుండానే పోవాలి. అప్పుడు రెండు బకెట్లు. ఒకదాంట్లో కారు షాంపూ, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. మైక్రోఫైబర్ మిట్‌ని, అంటే చేతికి తొడుక్కునే మెత్తటి గ్లౌజుని, షాంపూలో ముంచి పైకప్పు నుంచి కిందికి, ఒక్కో భాగం అయ్యాక ఉత్త నీళ్లలో జాడించి, పిండి, మళ్లీ షాంపూలోకి. డోర్ల కింది భాగం, బంపర్లు చివర్న. గిన్నెలు తోమే లిక్విడ్ వాడకండి, వేసిన వ్యాక్స్‌ని అది కడిగేస్తుంది. మళ్లీ పైపుతో కడిగి, మైక్రోఫైబర్ టవల్ పరిచి అద్దినట్టు తుడవండి. వాటంతట అవే ఆరనిస్తే నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తెల్లటి చుక్కలుగా మిగులుతాయి, నల్ల కారు మీద అవి ఎలా కనబడతాయో నాకే తెలుసు.

రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్. ఆ వారం మాత్రం గంటన్నర పెట్టుకోండి.

చిన్నమాట
గీతలు గుడ్డ వల్లే. అనుమానం లేదు.

రోజూతిరిగేబండి
రెండు బకెట్లు ఎందుకో నాకు అర్థం కాదు. ఉన్నది ఒక కారు. నీళ్లు మురికి అయితే పారబోసి మళ్లీ పట్టుకుంటాం, అంతే కదా. అడిగిన మనిషి తేలికైన పద్ధతి అడిగాడు. వేరే గుడ్డ, వేరే బ్రష్, మిట్, టవల్, రెండు బకెట్లు, ఇది తేలికా? ఇంత జాబితా చూస్తే ఎవరైనా కడగడమే మానేస్తారు.

నల్లసెడాన్
మురికి అయ్యాక పారబోస్తారు. కానీ అయ్యేలోపు ఆ మురికితోనే కదా రుద్దుతున్నారు? కడగడం పూర్తయ్యాక రెండో బకెట్ నీళ్లు మెల్లగా వంచి చూడండి. అడుగున బూడిదరంగు ఇసుక పల్చగా పేరుకుని ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే గరగరమంటుంది. ఒక్క బకెట్‌తో కడిగితే అదంతా మిట్‌లోకి తిరిగి వచ్చి కారు మీదికే పోతుంది. ఇంతకంటే తేలిగ్గా చెప్పడం నాకు రాదు.

తెల్లకారు
మాది తెలుపు. గీతలు ఉన్నాయేమో కానీ కంటికి కనబడవు. నాకు పక్షి రెట్టలే పెద్ద టెన్షన్. పొద్దున పడింది సాయంత్రం తుడిస్తే కింద మచ్చ మిగిలింది, ఎంత కడిగినా పోవడం లేదు.

పెయింట్‌బూత్
చాలాకాలం పెయింట్ పని చేసినవాణ్ణి. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి.

ఇప్పటి కార్లకి రంగు మీద క్లియర్ కోట్ అని పారదర్శకమైన పూత ఉంటుంది. మామూలుగా 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కన్నా తక్కువే. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగుని కాపాడేది ఈ పూతే. మెషిన్‌తో పాలిష్ పట్టడమంటే ఆ పూతని కొద్దికొద్దిగా అరగదీసి గీత లోతు దాకా చదును చేయడం. అంచుల దగ్గర పూత ఇంకా పల్చగా ఉంటుంది, చేయి తిరగనివాడు అక్కడ మెషిన్ ఆపితే నిమిషంలో పోతుంది. రోజూతిరిగేబండి గారి బానెట్‌కి జరిగింది అదే. అందులో వ్యాక్స్ తప్పు ఏమీ లేదు. మామూలు వ్యాక్స్ దేన్నీ అరగదీయదు, పైన పల్చటి పొరలా కూర్చుంటుంది.

తెల్లకారు గారూ, రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకి పూత మెత్తబడి, చల్లారేటప్పుడు బిగుసుకుంటుంది, ఆ మధ్యలో ఆమ్లం పూతని తినేసి గుంట చేస్తుంది. అందుకే కడిగినా పోదు. చూసిన వెంటనే తడిపి నాననిచ్చి తీసేయాలి, గోకకూడదు. వ్యాక్స్ ఉంటే ఆమ్లం ముందు దాన్ని తింటుంది కాబట్టి మీకు కొంచెం సమయం దొరుకుతుంది. కొంచెమే. వ్యాక్స్ వేశాం కదా అని రెట్టని నాలుగు రోజులు వదిలేస్తే ఏ పొరా కాపాడదు.

రోజూతిరిగేబండి
సరే, మెషిన్ వేరు, వ్యాక్స్ వేరు. కానీ ఇంతమంది కలిసి పొడిగుడ్డ వాడేవాడంటే బుద్ధిలేనివాడన్నట్టు మాట్లాడుతున్నారు చూడండి, అది నాకు నచ్చలేదు. "పైపుతో బాగా తడపండి" అని ఎంత సులువుగా రాశారు! నేనుండేది అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు. సెల్లార్‌లో కుళాయి లేదు, కారు కడగడానికి నీళ్లు పారిస్తే అసోసియేషన్ వాళ్లు ఊరుకోరు. ఒక్క బకెట్ లిఫ్ట్‌లో తెచ్చుకుని, కింద చుక్క పడకుండా, తడిగుడ్డ పిండుకుంటూ తుడుచుకోవాలి. రెండో బకెట్ కాదు, మొదటి బకెట్‌కే నేను అందరికీ సమాధానం చెప్పుకోవాలి. పైగా నా కారులో రోజూ క్లయింట్లు ఎక్కుతారు. దుమ్ము కొట్టుకుపోయిన కారు చూసి ఎవరూ నోరు తెరిచి ఏమీ అనరు, కానీ మొహంలో తెలిసిపోతుంది. నాకు ప్రతి పొద్దునా కారు శుభ్రంగా కనబడాలి. ఐదేళ్ల తర్వాత గీతలు ఉంటాయా అన్నది నా లెక్కలో తర్వాతి సంగతి.

నల్లసెడాన్
నీళ్లు లేవన్న మాట ఇప్పటిదాకా మీరు రాయలేదు. బకెట్ ఎందుకు అని మాత్రమే అడిగారు, నేను దానికే జవాబిచ్చాను. బుద్ధిలేనివాడు అన్న మాట నేను అనలేదు, అనను కూడా.

నాకు మంట ఎందుకో కూడా చెప్తాను. నా కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ముందు ఓనర్ మంచి మనిషి, ఇంజిన్ అద్దంలా ఉంచాడు, సర్వీసు ఒక్కటీ తప్పలేదు. కానీ కారుకి రోజూ పొడిగుడ్డ పడింది. లైటు పడితే నలుపు కనబడదు, బూడిదరంగు పొగలా కనబడుతుంది. నేను ఈ కారు అమ్మను, నడిచినన్నాళ్లు నడుపుతాను. పోయిన పూత తిరిగి రాదు, అది తలుచుకుంటేనే ప్రాణం ఉసూరుమంటుంది. మీకు ఈ పొద్దున ముఖ్యం. నాకు పదేళ్ల తర్వాత కారు ఎలా ఉంటుందన్నది ముఖ్యం. మనం గొడవ పడుతున్నది దీని గురించే, బకెట్ గురించి కాదు.

రోజూతిరిగేబండి
కావచ్చు. అయినా నా పొద్దుటి పని మారదు కదా. దుమ్ముతో వెళ్లలేను.

పెయింట్‌బూత్
వెళ్లనక్కర్లేదు. నీళ్లు పారించకుండా కడిగే ద్రావణాలు ఉన్నాయి, రిన్స్‌లెస్ వాష్ అంటారు. ఒక్క బకెట్‌లో కలుపుతారు, డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే. అందులోని పాలిమర్లు దుమ్ము రేణువు చుట్టూ జారుడు పొరలా చేరతాయి. దాన్నే కొంచెం స్ప్రే బాటిల్‌లో పోసుకుని ముందు డోర్ మీద చల్లి ఒక నిమిషం ఆగండి. బకెట్‌లో ఎనిమిదో పదో మైక్రోఫైబర్ గుడ్డలు నానబెట్టి, ఒకటి తీసి, నాలుగు మడతలు పెట్టి, నొక్కకుండా ఒకే దిశలో ఒక్కసారి లాగండి. మడత తిప్పండి. అన్ని మడతలు అయిపోతే ఆ గుడ్డ పక్కకి, మళ్లీ బకెట్‌లో ముంచొద్దు. అలా చేస్తే రెండో బకెట్ అవసరం ఉండదు, నేల మీద నీళ్లూ పారవు. వెంటనే పొడి టవల్‌తో అద్దేయండి.

వాన పడి బురద గట్టిగా అంటుకున్నప్పుడు మాత్రం ఇది చేయకండి. అప్పుడు నీళ్ల ధార పడాల్సిందే, ఎక్కడైనా వాష్‌కి తీసుకెళ్లండి.

వ్యాక్స్ ఉన్న కారుకి దుమ్ము అంత గట్టిగా పట్టదు, తుడిస్తే త్వరగా వదులుతుంది. కాబట్టి మీ పొద్దుటి పనికి వ్యాక్స్ కలిసొస్తుంది.

నల్లసెడాన్
మామూలుగా కడగడానికి పైపు ఉన్నవాళ్లకి రెండు బకెట్లే అని నా మాట. దాని మీద వెనక్కి తగ్గను.

రోజూతిరిగేబండి
ప్రతి పొద్దునా పది గుడ్డలు ఉతకడం నావల్ల కాదు. రోజూ స్ప్రే చేసి ఒకటి రెండు గుడ్డలతో పైపైన తుడుస్తాను, వారానికోసారి పూర్తిగా చేస్తాను. వ్యాక్స్ సంగతి ఇంకా ఆలోచించాలి. మళ్లీ ఎవరి చేతిలోనూ మాత్రం పెట్టను.

పెయింట్‌బూత్
చేత్తో వేసుకోండి, మెషిన్ అక్కర్లేదు. కడిగి బాగా ఆరిన కారు మీద, నీడలో. స్పాంజికి గోరంత తీసుకుని ఒక్కో డోర్‌కి పల్చగా రాయండి, మందంగా రాస్తే తుడవలేక చస్తారు తప్ప ఎక్కువ రోజులు ఆగదు. పొగపట్టినట్టు అయ్యాక వేలితో ఒక గీత గీయండి, అంటుకోకుండా వస్తే తుడిచేయొచ్చు. నల్ల ప్లాస్టిక్ భాగాలకి తగలనివ్వకండి, తెల్లటి మరకలు పడి వదలవు. మ్యాట్ పెయింట్, అంటే మెరుపు లేని రంగు ఉన్నవాళ్లు అసలు వేయొద్దు.

కొత్తచక్రం
ఇక్కడ పైపు ఉంది కాబట్టి నేను రెండు బకెట్ల పద్ధతి పట్టుకుంటాను. రెండు ప్రశ్నలు. ఉన్న గీతలు వ్యాక్స్‌తో పోతాయా? మళ్లీ వ్యాక్స్ ఎప్పుడు వేయాలో ఎలా తెలుస్తుంది?

నల్లసెడాన్
పోవు. కొన్ని వ్యాక్స్‌లు గీతల్లో నిండి కొన్నాళ్లు కనబడకుండా చేస్తాయి, కడిగేకొద్దీ మళ్లీ తేలతాయి. కొత్తవి పడకుండా చూసుకోండి, పాతవి మరీ ఇబ్బంది పెడితే అప్పుడు పాలిష్ గురించి ఆలోచించొచ్చు. వ్యాక్స్ అయిపోయిందా అంటే కారు మీద నీళ్లు పోసి చూడండి. గుండ్రటి చుక్కలుగా నిలబడి జారిపోతే ఇంకా ఉంది. పల్చగా పరుచుకుపోతే అయిపోయినట్టే. కార్నౌబా అని బ్రెజిల్‌లో ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే వ్యాక్స్ ఉంది, మెరుపు బాగుంటుంది కానీ ఎండలో ఉండే కారుకి ఒకటి రెండు నెలలు వస్తే గొప్ప. రోజంతా ఎండలో పెడతానన్నారు కాబట్టి మీకు సింథటిక్ సీలెంట్ నయం, వ్యాక్స్ లాగే పైన రాసేదే కానీ కృత్రిమంగా తయారుచేసింది, ఇంకా ఎక్కువ కాలం ఆగుతుంది.

తెల్లకారు
కడిగాక కారుని వెంటనే పార్క్ చేయకుండా ఒక చుట్టు తిప్పి రండి. బ్రేకులు ఆరతాయి, లేకపోతే డిస్కుల మీద తుప్పు పొర కడుతుంది.

రోజూతిరిగేబండి
ఈ మైక్రోఫైబర్ గుడ్డలు వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా? ఇంట్లో బట్టలతో కలిపి?

పెయింట్‌బూత్
విడిగా వేయండి, బట్టల నూగు అంటుకుంటుంది. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయొద్దు, పోగులకి జిడ్డు పట్టి నీళ్లు పీల్చవు. ఎక్కువ వేడి మీద ఆరబెట్టొద్దు. కింద పడిన గుడ్డ మాత్రం ఉతికేదాకా కారుకి తాకించకండి.