‘అజేయుడు’ కాదు, మరి ఏమనాలి? ‘ఇన్విక్టస్’కు తెలుగు మాట

‘ఇన్విక్టస్’ సినిమా పేరును తెలుగులో ఏమనొచ్చని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. ఆరేడుగురు వెంటనే ‘అజేయుడు’ అన్నారు. తప్పని అనను గానీ, నా మనసు దానికి ఒప్పుకోలేదు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

సినిమా చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో. 1995లో రగ్బీ ప్రపంచ కప్ దక్షిణాఫ్రికాలో జరిగింది. నెల్సన్ మండేలా అధ్యక్షుడై అప్పటికి ఏడాది. స్ప్రింగ్‌బాక్స్ అనే దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు ఆకుపచ్చ చొక్కా కనబడితే అక్కడి నల్లవారికి ఒళ్ళు మండేది. వర్ణవివక్ష పాలనకు అదొక గుర్తు. సొంత దేశం ఆడుతుంటే అవతలి జట్టు గెలవాలని కోరుకునేవారు. 27 ఏళ్ళు జైల్లో ఉండి వచ్చిన మనిషి ఆ చొక్కానే, అదీ కెప్టెన్ ఫ్రాన్స్వా పీనార్ 6వ నంబరు చొక్కానే తొడుక్కుని, జూన్ 24న జొహానెస్‌బర్గ్‌లోని ఎల్లిస్ పార్క్ మైదానంలోకి నడిచి వచ్చారు. ఆ జట్టు న్యూజిలాండ్ మీద అదనపు సమయంలో 15-12తో గెలిచింది. క్లింట్ ఈస్ట్‌వుడ్ 2009లో దీన్నే సినిమాగా తీశారు.

ఆ రోజుల్లో ఒక మాటకు జరిగింది చూడండి. స్ప్రింగ్‌బాక్ అనేది ఆఫ్రికాన్స్ మాట, ఎగిరి దూకే ఒక రకం జింక. తెల్లవారి మాట, తెల్లవారి గుర్తు. దాని చివరి ‘బాక్’ను పట్టుకుని, ముందు తమ భాషల బహువచనపు ‘అమా’ చేర్చి, ‘అమాబొకొబొకొ’ అన్నారు నల్లవారు. సోవెటన్ పత్రిక దాన్నే శీర్షికగా పెట్టింది. మనం బస్సుకు ‘లు’ చేర్చి బస్సులు అన్నట్టే. పరాయి మాటకు మన బహువచనం తగిలించామంటే అది ఇక మన ఇంటి మాటే. ఆ జట్టు విషయంలో జరిగిందీ అదేనని నాకనిపిస్తుంది.

అన్నట్టు, మండేలా 1996 డిసెంబర్‌లో సంతకం చేసిన రాజ్యాంగంలో ఆదరించాల్సిన భాషల జాబితా ఒకటుంది, 6వ సెక్షన్‌లో. అందులో తెలుగు ఉంది. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్ళిన మనవాళ్ళ పుణ్యం. అక్షరాలు కాస్త తారుమారై ‘తెలెగు’ అని పడింది. అయినా చదివినప్పుడు కళ్ళు చెమర్చాయి.

ఇక అసలు మాటకు వద్దాం. సినిమా పేరు ఒక పద్యం పేరు. విలియం ఎర్నెస్ట్ హెన్లీ అనే ఆంగ్ల కవి 1875లో రాశాడు. ఎముకల క్షయతో ఎడమకాలు మోకాలి కింద అప్పటికే తీసేశారు. రెండో కాలైనా దక్కించుకుందామని ఎడింబరో ఆసుపత్రిలో జోసెఫ్ లిస్టర్ అనే శస్త్రవైద్యుడి దగ్గర చేరి, నెలల తరబడి మంచం మీదున్నాడు. ఆ మంచం మీద రాసిన పద్యం. దానికి ఆయన ఈ పేరు పెట్టలేదు. 1900లో ఆర్థర్ క్విల్లర్-కూచ్ తన సంకలనంలో చేర్చుకుంటూ ఈ లాటిన్ మాటను తలమీద పెట్టాడు.

లాటిన్‌లో ‘విక్టస్’ అంటే ఓడించబడినవాడు. ముందున్న ‘ఇన్’ మన ‘అ’ లాంటిదే. అంటే మాటకు మాటగా ‘అజిత’. ‘అజేయ’ కాదు. జిత, కృత, జ్ఞాత అయిపోయిన పనిని చెప్పే రూపాలు. జేయ, జ్ఞేయ, పేయ చేయదగిన, చేయ వీలైన పనిని చెప్పేవి. అజ్ఞాతం, అజ్ఞేయం పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. పాండవులు చేసింది అజ్ఞాతవాసం, అజ్ఞేయవాసం కాదు. వాళ్ళెవరో ఎవరికీ తెలియలేదు, అంతవరకే. తెలుసుకోవడం అసాధ్యమని కాదు.

(వ్యాకరణం తెలిసినవారు పాణిని ‘క్షయ్యజయ్యౌ శక్యార్థే’ గుర్తుచేస్తారని తెలుసు. గెలవ శక్యమైనది జయ్యం, గెలవదగినది జేయం. ఆ లెక్కన ‘గెలవలేనిది’ అజయ్యం కావాలి. ఒప్పుకుంటాను. తెలుగులో ‘అజేయ’ పాతుకుపోయింది కాబట్టి దాంతోనే మాట్లాడుతున్నాను.)

లాటిన్ వాడుకలో ‘ఇన్విక్టస్’కు గెలవరానివాడనే అర్థమూ ఉంది. కానీ ఈ పద్యానికి అది నప్పదు. ఒక కాలు పోయి, రెండోది ఉంటుందో లేదో తెలియని మనిషి ‘నన్నెవరూ ఓడించలేరు’ అని చాటుకోవడం లేదు. ‘ఇంతవరకూ ఓడిపోలేదు’ అంటున్నాడు. అది సవాలు కాదు, సాక్ష్యం.

ఇక్కడ మన ఆటల పేజీని మెచ్చుకోవాలి. ‘నాటౌట్’కు వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ‘అజేయంగా నిలిచాడు’ అని రాస్తున్నారు. 2022 అక్టోబర్‌లో మెల్‌బోర్న్‌లో పాకిస్తాన్ మీద కోహ్లి 82 పరుగులతో అజేయంగా నిలిచాడంటే, అతణ్ణి ఔట్ చేయడం ఎవరి తరమూ కాదని కాదు, ఆ రోజు ఔట్ కాలేదని. అంటే విలేకరులు ‘అజేయ’ను మెల్లగా ‘అజిత’ అర్థంలోకి దింపేశారు. ‘అజేయుడు’ అన్నవారి పక్షాన ఇంతకంటే గట్టి వాదం నాకు కనబడలేదు. అయినా పేరుగా పెట్టినప్పుడు ‘అజేయుడు’ కత్తి పట్టుకున్న వీరుణ్ణే కళ్ళముందు నిలబెడుతుంది, మంచం మీది మనిషిని కాదు.

నాకు దారి చూపింది ఆ పద్యంలోని ఒక పాదమే. అనుకోకుండా వచ్చిపడిన దెబ్బలకు తన తల నెత్తురుమయమైంది గానీ వంగలేదంటాడు కవి. తెలుగులో ‘నెత్తురోడింది’ అంటాం. ఆ ‘ఓడు’ కారడం, ఓటికుండలో ఉన్నది ఆ కారే గుణమే. ఇంకో ‘ఓడు’ ఓటమిలోది. ‘నెత్తురోడినా ఓడని తల’ అని రాసుకుని చూశాను. ఏ పదవిన్యాసమూ చేయకుండా భాషే తెచ్చి చేతిలో పెట్టినట్టుంది. పైగా ఆఖర్లో విధి మాట వస్తుంది, విధి అంటే మనకు తలరాత. నెత్తురోడిన ఆ తలే తలరాతకు యజమానినంటుంది. ఇంగ్లీషులో లేని ఈ ముడి మన దగ్గర దానంతటదే పడింది. అందుకే పేరుగా నా ఓటు ‘ఓడనివాడు’కి.

సినిమాలో మండేలా ఈ పద్యాన్నే పీనార్‌కు ఇస్తారు. నిజంగా ఇచ్చింది అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1910 ప్రసంగంలోని ఒక భాగం. బరిలో దిగి దుమ్ము, చెమట, నెత్తురు ముఖానికి పూసుకున్న మనిషి గురించినది. రెండింట్లోనూ నెత్తురుంది, సినిమావాళ్ళు మార్చినా మనసు మారలేదు. ఒకప్పుడు మండేలా ఉన్న రాబెన్ దీవి జైలుగదిలో పీనార్ చేతులు చాచి ఆ ఇరుకును కొలుచుకుంటుంటే వెనక నుంచి పద్యం వినబడే ఘట్టం కోసమైనా ఆ మార్పు మంచిదే.

చివరి పాదం దగ్గర ఆగిపోయాను. ‘నా ఆత్మకు కెప్టెన్‌ని నేనే’ అంటాడు. జట్టు కెప్టెన్‌ను మనం సారథి అంటాం కాబట్టి పీనార్ కథకు ‘సారథి’ అతికినట్టుంటుంది. కానీ కఠోపనిషత్తు ‘ఆత్మానం రథినం విద్ధి’ అంది, సారథి బుద్ధి అంది. రథంలో కూర్చున్నది ఆత్మ. ‘నా ఆత్మకు సారథిని నేను’ అంటే ఆ ‘నేను’ ఎవరన్న చిక్కు వస్తుంది. పైగా హెన్లీ కెప్టెన్ ఓడ మీదివాడు. చుక్కాని పట్టేవాడు కాబట్టి కర్ణధారుడు అనొచ్చు, అయితే ఆ మాట గ్రంథాల్లో తప్ప ఎవరి నోటా వినలేదు.

మా గోదారి మీద లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు. చిన్నప్పుడు రాజమండ్రి నుంచి పాపికొండల వైపు వెళ్తూ ఒక సరంగు పక్కన నిలబడ్డాను. వరద నీరు ఎర్రగా ఉంది. సుడి కనబడ్డ చోటల్లా చక్రాన్ని కొంచెం తిప్పుతాడు, మళ్ళీ సరిచేస్తాడు. నీళ్ళ మీంచి చూపు తీయడు. భయం వేయదా అని అడిగాను. “గోదారి మన మాట వినదు బాబూ, లాంచీ వింటది” అన్నాడు.

‘నా తలరాతకు యజమానిని నేనే, నా ఆత్మకు సరంగును నేనే’ అని రాసుకున్నాను. శ్రీకాకుళం తీరంలో పడవ పెద్దను తండేలు అంటారు కదా. అటువైపువారు ఆ మాటను ఇక్కడ పెట్టి చదివి, చెవికి ఎలా ఉందో చెప్పండి.