అప్‌డేట్: ఎత్తు ఒకటే అయినా అలలు వేరు, తేడా పీరియడ్‌లోనే

సర్ఫింగ్ గురించి ముందు నేను అడిగింది ఇది: స్వెల్ (దూరపు గాలులకు పుట్టి ఒడ్డుకొచ్చే అలలు) ఎత్తు రెండు రోజులూ 1.5 మీటర్లే చూపించినా, మా పాయింట్ బ్రేక్‌లో (సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాళ్ల కొన వెంబడి అలలు విరిగే చోటు) ఒకరోజు చక్కటి వరసలు, ఇంకోరోజు దాదాపు ఏమీ లేదు, ఎందుకని? పీరియడ్, అంటే ఒక అల తర్వాత ఇంకో అల రావడానికి పట్టే సమయం, చూడమన్నారు. చూశాను, కిటుకంతా అక్కడే ఉంది.

8 సెకన్ల స్వెల్‌కి లోతు నీటిలో అల పొడవు సుమారు 100 మీటర్లు, 14 సెకన్లకైతే 300 దాటుతుంది. నీటి లోతు అల పొడవులో సగానికి తగ్గగానే సముద్రపు అడుగు ప్రభావం మొదలై అల నెమ్మదిస్తుంది. అందుకే పెద్ద పీరియడ్ అల దూరం నుంచే వంగుతూ పాయింట్‌ను చుట్టి లోపలికొస్తుంది. చిన్నది అంతగా తిరగదు, చాలావరకు బయటినుంచే వెళ్లిపోతుంది. రాళ్ల చివర నిలబడి చూస్తే ఎంత బాగుంటుందో! వరసలో రాళ్లవైపు కొస నెమ్మదిస్తుంది, బయటి కొస ఇంకా పరిగెడుతుంది, మొత్తం గీత తలుపులా తిరుగుతుంది.

గాలి సంగతి మీరన్నట్టే, ఒడ్డునుంచి సముద్రంవైపు వీస్తేనే అల ముఖం నున్నగా నిలుస్తోంది. నిండు పోటులో అలలు మెత్తబడుతున్నాయి. బాగా ఆటులో నిటారుగా లేస్తున్నాయి గానీ రాళ్లు మరీ పైకొస్తున్నాయి, అప్పుడు మాత్రం నేను దిగడం లేదు.

పీరియడ్‌తో పాటు స్వెల్ దిశ కూడా రాసుకోమన్నవారికి ప్రత్యేకంగా థాంక్స్.